ఎంగిలికి కొత్త పేరు

కడప,
4-3-2025

నువ్వు అబద్ధం చెప్పావు. చర్చి గడప మీద నిలబడి, తెల్ల అంగీ ఇంకా విప్పకుండానే, నా మొహంలోకి చూస్తూ చెప్పావు.

అన్నా, ముందు క్షేమం అడిగి తర్వాత సంగతిలోకి రావడం మన ఇంటి మర్యాద. ఈసారి ఆ మర్యాద నాకు చేతకావడం లేదు.

ఆపరేషన్ అయిన వదినను చూసి పోదామని మొన్న బేతంచెర్లలో రైలు దిగి మీ ఎర్రకొట్టాలకు వచ్చాను. దేవుడి మీద నమ్మకం పోయి చాలా కాలమైనా, అన్న ప్రసంగం విందామని ఆదివారం చర్చికి కూడా వచ్చాను. బెంచీల వైపు పోలేదు. వెనక చాపల మీద సుంకమ్మ పక్కన కూర్చున్నాను. మీ ఊళ్ళో నన్ను చూడగానే "ఏం పాపా, ఎండిన చింతకాయ మాదిరి అయిపోయినావే, కడపలో కూడు పెట్టరా?" అని అడిగిన మనిషి ఆమె ఒక్కతే.

ప్రభు భోజనం మొదలైంది. రొట్టె అందరికీ ఒకే పళ్ళెంలోంచి వచ్చింది. ద్రాక్షరసం మాత్రం చిట్టి గ్లాసుల్లో, రెండు ట్రేల మీద వచ్చింది. స్టీలు ట్రే బెంచీలకు, ప్లాస్టిక్ ట్రే చాపలకు. బెంచీల మీద కూర్చున్నది ఎవరు? మనం, మాలలం. చాపల మీద ఉన్నది మాదిగలు. నేను వద్దనేలోపే సుంకమ్మ ప్లాస్టిక్ ట్రే లోంచి ఒక గ్లాసు తీసి నా చేతిలో పెట్టింది.

బయటికి వచ్చాక నిన్ను అడిగాను. "ముందు ఒకటే గిన్నె ఉండేది కదా అన్నా, అదేమైంది?" నువ్వు అంగీ గుండీలు తడుముకుంటూ అన్నావు: "కరోనా వచ్చె గదా పాపా. జాగ్రత్త కోసం."

కరోనా పోయి ఎన్నేళ్ళయింది? మీ ఊరి ఆటోలో ఒకరి దగ్గు ఇంకొకరి నోట్లో పడేట్టు కుక్కుకుని బేతంచెర్లకు పోతారు. పెళ్ళిళ్ళలో ఒకే డ్రమ్ములో ఒకే మగ్గు ముంచి తాగుతారు. అక్కడ లేని కరోనా, నీ బల్ల దగ్గరే కాపురం పెట్టిందా? పైగా కులం సర్టిఫికెట్ చూసి, బెంచీకొక దారి చాపకొక దారి పట్టేంత చదువుకున్న పురుగా అది?

మన భాషలో దానికి ఎప్పటినుంచో పేరుంది. ఎంగిలి. ఆ మాట నోటితో అనడానికి సిగ్గేసి, మీ సంఘం దానికి బాప్తిస్మమిచ్చి కరోనా అని కొత్త పేరు పెట్టుకుంది.

జవాబు రాయి. ఫోన్ చేయకు. ఫోన్లో అయితే మాట ముదిరేసరికి నువ్వు "ప్రార్థన చేసుకుందాం పాపా" అంటావు. నేను కళ్ళు తెరుచుకుని నీ ఆమెన్ కోసం కాచుకోవాలి. ఆ తర్వాత కోపం చల్లారిపోతుంది. ఈ కోపం చల్లారడం నాకు ఇష్టం లేదు.

నీ చెల్లెలు,
జీవిత

*

ఎర్రకొట్టాల,
12-3-2025

ప్రియమైన జీవితమ్మకు, మన ప్రభువు కృప నీకు తోడై ఉండును గాక. నీకు వద్దన్నా ఉండును గాక.

మీ వదినకు కుట్లు విప్పారు. మెల్లగా లేచి తిరుగుతోంది. "జీవితకు రాసేటప్పుడు కోపం తగ్గించుకుని రాయి, ఆమె ఎట్లైనా తగ్గించుకోదు" అని పక్కనుంచి చెబుతోంది.

పాపా, పుస్తకాలు చదివి సంఘాన్ని చూసేది వేరు, సంఘంలో బతికేది వేరు. నిన్న ఒక్కరోజు సంగతి చెబుతాను. పొద్దున నాపరాయి పాలిష్ ఫ్యాక్టరీలో కొత్త మిషను తెచ్చారని ప్రార్థన. "అయ్యగారూ, బ్లేడు మీద గూడా చెయ్యి పెట్టండి, పోయిన బ్లేడు నెలకే పగిలిపాయె" అన్నారు. పెట్టాను. మధ్యాహ్నం బోరు పాయింటు దగ్గర ప్రార్థన. నీళ్ళు పడలేదు. పడనందుకు నా విశ్వాసం మీద అనుమానం. సాయంత్రం ఒక మొగుడూ పెళ్ళాం పంచాయితీ. మధ్యలో రాతి దుమ్ముతో ఊపిరి ఆడని ముసలాయన మంచం దగ్గర కూర్చుని ఆయన చేయి పట్టుకున్నాను. వీళ్ళలో ఎవరికి కోపమొచ్చినా ఇంకొక చర్చి రెండు వీధుల అవతలే ఉంది. మైకు పెద్దది, పాటలు హుషారు. సంఘాన్ని చెదరకుండా పట్టుకోవడమంటే చిల్లుల కుండ మోసుకుపోవడం. ఒక చిల్లు మీద చేయి పెడితే ఇంకొకటి కారుతుంది.

ట్రేల సంగతి. ఆ రోజుల్లో ఆరోగ్యం కోసమే తెచ్చాం. స్టీలుది మన సంఘపెద్ద ఏసుబాబు ఇచ్చాడు, పాలిష్ ఫ్యాక్టరీ ఆయనదే. చాలకపోతే ప్లాస్టిక్‌ది కొన్నాం. ఏది ఎటు పోవాలని ఎవరూ తీర్మానం చేయలేదు. అలవాటుగా అట్లా జరిగిపోతోంది.

ఒక్క విషయంలో మాత్రం తప్పు మాదే, ఒప్పుకుంటాను. నీకు ఆ రెండో ట్రే లోది వచ్చింది. ట్రే పట్టుకున్నామె సంఘానికి కొత్త, నువ్వు నా చెల్లెలివని ఆమెకు తెలియదు. చాప మీద కూర్చున్నావు కదా, పొరపాటు పడింది. విని ఏసుబాబు కూడా చాలా నొచ్చుకున్నాడు. ఇంకోసారి అట్లా జరగదు. మనసులో పెట్టుకోకు.

నా మేనకోడలు యామిని పరీక్షలు బాగా రాయాలని ప్రార్థిస్తున్నాను.

ప్రభువునందు నీ అన్న,
ప్రేమయ్య

*

కడప,
17-3-2025

అన్నా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. ప్రతిసారీ ఆ క్షమాపణ దగ్గరే ఆగాను.

నేను ఏమని రాశాను? రెండు ట్రేలు ఎందుకున్నాయని రాశాను. నువ్వు ఏమని అర్థం చేసుకున్నావు? నాకు తప్పుడు ట్రే వచ్చిందని! ఆరోగ్యం, అలవాటు, తీర్మానం లేదు అని ఒక పేజీ నిండా సర్ది చెప్పి, చివర నీ చేత్తో నువ్వే సాక్ష్యం రాసిచ్చావు. రెండూ ఒకటే అయితే నాకు ఏది వస్తే ఏం? ఏసుబాబు నొచ్చుకోవడం దేనికి? పాస్టరు చెల్లెలు, లెక్చరరు, మాల ఇంటి ఆడబిడ్డ, మాదిగల గ్లాసులో తాగిందనే కదా?

నువ్వు మర్చిపోయి ఉంటే గుర్తు చేస్తాను. మన నాయన చర్చి ఉపదేశిగా వాక్యం చెబుతూ ఊళ్ళు తిరిగేటప్పుడు రెడ్డిగారి హోటల్లో మనకు వేరే గ్లాసు ఉండేది. బయట చూరుకు వేలాడుతుండేది. ఎవరిది వాళ్ళు తాగి కడిగి పెట్టాలి. నాయన ఆ హోటల్లో ఎప్పుడూ టీ తాగలేదు. "దాహం కాలేదప్పా" అని చెప్పి పదిమైళ్ళు నడిచి వచ్చేవాడు. ఆ మనిషి కొడుకువి నువ్వు. ఆ చూరు గ్లాసును తెచ్చి ప్రభు బల్ల మీద పెట్టావు. పైనవాడు మనకు చేస్తే అన్యాయం, మనం కిందివాడికి చేస్తే అలవాటు. ఇదేనా ఇన్నేళ్ళు మనం అడిగిన న్యాయం? రెడ్డిగారి హోటల్లో కనీసం దేవుడి పేరు చెప్పలేదు.

చిల్లుల కుండ అన్నావు. ఎవరు కారిపోతారని నీ భయం? బెంచీలవాళ్ళు. చాపలవాళ్ళు ఎన్ని అవమానాలకైనా కారిపోరని ధైర్యం. అందుకే నీ చేయి ఎప్పుడూ ఒకే చిల్లు మీద ఉంటుంది.

ఈస్టరు ఏప్రిల్ ఇరవై. ఆ రోజు ఒకే గిన్నె పెట్టు. పెట్టకపోతే నీ పేరూ ఊరి పేరూ రాసి పత్రికకు పంపుతాను. బెదిరింపా అంటే, అవును, బెదిరింపే.

యామిని పరీక్షలు అదే రాసుకుంటుంది. నీ ప్రార్థనలు నీ కమిటీకి వాడు.

జీవిత

*

ఎర్రకొట్టాల,
28-3-2025

జీవితమ్మా,

నీ ఉత్తరం మీ వదినకు చూపించలేదు. నేనే దాచుకుని చదువుకున్నాను. నాయన మాట తెచ్చావు.

నిన్న కమిటీ పిలిచాను. ఈస్టరుకు ముందు వచ్చే ఈ శ్రమ దినాల్లో ఇట్లాంటి సంగతులు ఎత్తకూడదని కొందరన్నారు. ఏసుబాబు అందరికంటే ముందే నవ్వుతూ మొదలుపెట్టాడు.

"ఏమయ్యగారూ, మీ చెల్లెలు వచ్చిపోయినప్పటి నుంచి మీకు నిద్ర లేదంట గదా."

"గిన్నె సంగతి మాట్లాడదామప్పా. కరోనా పోయినాది. ట్రేలు ఇంకా దేనికి?"

"గిన్నెదేముండాది, పెట్టండి! మేమేమన్నా వద్దంటిమా? మీరు అడగలేదు, మేము చెప్పలేదు. అంతే గదా."

అంతే పాపా. ఇన్నాళ్ళు నేను కొండ అనుకున్నది దూదిమూట అయింది. ఈస్టరుకు ఒకే గిన్నె! కొన్ని చిన్న చిన్న ఏర్పాట్లు ఉన్నాయి, అవి నేను చూసుకుంటాను. నువ్వు తిట్టకపోతే నేను అడిగేవాణ్ణి కాదు, అది నిజం. పాత గిన్నెను మీ వదిన చింతపండుతో తోమింది. అంగుళం మేర పూత పోయి ఇత్తడి బయటపడింది కానీ మెరుస్తోంది.

ఇప్పుడైనా ఒక నవ్వు నవ్వు.

నీ అన్న,
ప్రేమయ్య

*

కడప,
4-4-2025

మా మంచి అన్నకు,

నవ్వాను. స్టాఫ్ రూములో అందరి ముందూ నవ్వి, ఏడ్చి, అందరికీ టీ తాగించాను. నిన్ను అన్న మాటల్లో సగం వెనక్కి తీసుకుంటున్నాను. మిగతా సగం ఈస్టరు అయ్యాక.

ఆగలేక ఆ రాత్రే వ్యాసం రాసి మా మాసపత్రికకు ఇచ్చాను. ఈ నెల సంచికలోనే వేశారు, నెట్లో కూడా పెట్టారు. కాపీ ఇందులో పెడుతున్నాను. నీ పేరూ సుంకమ్మ పేరూ మార్చలేదు. మంచి పనికి మారుపేరు ఎందుకు? చివరి వాక్యం నాకే నచ్చింది: 'ఈస్టరు నాడు సుంకమ్మ పెదవి తాకిన గిన్నెనే ఎర్రకొట్టాల పెద్దల పెదవులూ తాకుతాయి.' మా సంపాదకుడు ఆ వాక్యాన్ని పెద్ద అక్షరాల్లో పైన వేశాడు.

ఎండలు ముదురుతున్నాయి. జాగ్రత్త. ఈసారి నిజం జాగ్రత్త!

నీ చెల్లెలు,
జీవిత

*

ఎర్రకొట్టాల,
14-4-2025

జీవితా,

వ్యాసం అందింది. భాష బాగుంది. ఇక్కడ ఫోన్లలో చాలామంది చదువుతున్నారు. మట్టలాదివారం ఊరేగింపు, గుడ్ ఫ్రైడే ఏడు మాటల ప్రసంగాలు, పని మీద పని. తీరిగ్గా రాస్తాను.

ప్రేమయ్య

*

కడప,
26-4-2025

అన్నా,

ఈస్టరు పోయి వారం అవుతోంది. ఒక్క ముక్క లేదు. సంతోషంలో మునిగిపోయావని అనుకుంటున్నాను. పేపర్లు దిద్దే డ్యూటీ లేకపోతే నేనే వచ్చేదాన్ని.

ఒక శుభవార్త. మా నాస్తిక సంఘం వాళ్ళు వచ్చే నెల కడపలో సభ పెడుతున్నారు. నీకు సన్మానం. వద్దనకు. శాలువా కప్పించుకోవడం నీకు ఇబ్బందే, తెలుసు, కానీ నాస్తికులందరూ కలిసి ఒక పాస్టరుకు శాలువా కప్పడం ఈ జిల్లాలో ఇదే మొదటిసారి. నవ్వు తెప్పించే సంగతే, గర్వంగానూ ఉంది. సుంకమ్మను కూడా తీసుకురా. వేదిక మీద కూర్చోబెడదాం.

జీవిత

*

ఎర్రకొట్టాల,
2-5-2025

జీవితమ్మా,

శాలువా వద్దు. సభ వద్దు. నా పేరున్న చోటల్లా కొట్టేయించు.

నీకు రాయని సగం ముందు రాస్తాను. కమిటీలో ఏసుబాబు "గిన్నెదేముండాది, పెట్టండి" అన్నది నిజం. ఆ వెంటనే ఇంకొక మాట అన్నాడు. "యా పక్క నుంచి మొదలుపెడతారో అది చెప్పండి." బెంచీలవాళ్ళు ముందు, చాపలవాళ్ళు తర్వాత. మనం తాగినంక వాళ్ళు తాగితే ఎవరికీ అభ్యంతరం లేదు. ఇంకొకాయన లేచి, "అది గూడా వద్దంటే వాళ్ళకు దోసిట్లో పోయండి అయ్యగారూ, గిన్నె ఒకటే అయినట్టు ఉంటాది, పెదవి తగిలినట్టు ఉండదు" అన్నాడు. రెడ్డిగారి బావి దగ్గర మన తాత దోసిట్లోనే కదా తాగింది. దోసిలి వద్దని గట్టిగా చెప్పాను. వరసకు ఒప్పుకున్నాను. నీకు రాసిన 'చిన్న చిన్న ఏర్పాట్లు' అంటే ఇదే. గెలిచానని నిజంగానే అనుకున్నాను. నీ వ్యాసం చూశాక మిగతా సగం చెప్పాలని తెలుసు. పొగిడావు కదా, చెప్పబుద్ధి కాలేదు.

నీ వ్యాసాన్ని సుంకమ్మకు వాళ్ళ తమ్ముడు రంగన్న ఫోన్లో చదివి వినిపించాడు. ఆమె పేరు అచ్చులో ఉంది. ఆమె పెదవి తాకిన గిన్నెను పెద్దలు తాకుతారని ఉంది. సంఘం తీర్మానమే అట్లా జరిగిందనుకుంది. వరస సంగతి ఆమెకు ఎవరు చెప్పారు? నేను చెప్పలేదు.

ఈస్టరు తెల్లవారుజాము ఆరాధనకు కొత్త చీర కట్టుకుని వచ్చింది. బల్లను సమీపించండి అని నేను పిలవగానే, బెంచీలవాళ్ళు ఇంకా చెప్పులు విడుస్తుండగానే, చాప మీద నుంచి లేచి నడుమ దారిలో నేరుగా వచ్చి మెట్టు దగ్గర మోకరించింది. రొట్టె ఇచ్చాను. గిన్నె అందించాను. రెండు చేతులా పట్టుకుని మెల్లగా అడిగింది: "ఎత్తి పోసుకునేదా అయ్యగారూ, పెదవి తగిలించేదా?"

"తగిలించమ్మా" అన్నాను. ఆ రోజు నేను చేసిన మంచి పని అదొక్కటే.

తాగింది. గుడ్డతో అంచు తుడిచి, గిన్నెను కొంచెం తిప్పి, తల ఎత్తాను. ఎవరూ లేవలేదు. బెంచీలన్నీ అట్లాగే కూర్చుని ఉన్నాయి. హార్మోనియం వాయించే ఆయన పల్లవి దగ్గరే తిరుగుతున్నాడు. అప్పుడు ఏసుబాబు లేచి పక్క గదిలోకి పోయి స్టీలు ట్రే తెచ్చాడు. గ్లాసులన్నీ ముందే నింపి ఉన్నాయి. బల్ల మీద పెట్టి, నాకు మాత్రమే వినబడేట్టు అన్నాడు: "ఎండ ఎక్కుతాండాది అయ్యగారూ. కానీండి."

నేను గిన్నెను బల్ల మీద పెట్టి గుడ్డ కప్పాను. ట్రే మీద చేయి చాపి ప్రతిష్ఠ మాటలు చెప్పాను. ట్రే ఎత్తుకుని బెంచీలకు పంచాను.

సుంకమ్మ అంతసేపూ మోకాళ్ళ మీదే ఉంది. చాపల మీద నుంచి ఇంకెవరూ రాలేదు. ఆఖరి దీవెన అయ్యాక లేచి, మామూలు గొంతుతో, అందరూ వింటుండగా అడిగింది: "నేను తాగినంక మిగిల్నది మీరు తాగాల గదా అయ్యగారూ. పద్ధతి అదే గదా."

పద్ధతి అదే. మిగిలిన ద్రాక్షరసం పాస్టరే తాగాలి. "అవునమ్మా" అన్నాను. గిన్నె పట్టుకుని పక్క గదిలోకి పోయి తలుపు వేసుకున్నాను. పెదవి దాకా ఎత్తాను. చేయి ఆగింది. జీవితా, నా చేయి ఆగింది. ఎందుకని అడగకు. ఏ వాక్యమూ దాన్ని కదిలించలేకపోయింది. వెనక తలుపు తీసి, రాతి ముక్కలు పోగేసి ఉన్న గోడ పక్కన మట్టిలో పోశాను. తాగలేనప్పుడు శుభ్రమైన మట్టిలో పోయవచ్చని నియమం ఉందిలే అని నాకు నేనే చెప్పుకున్నాను. ఉంది, నిజమే. అది కడుపు నొప్పి ఉన్న పాస్టర్ల కోసం.

ఇన్నేళ్ళ పరిచర్యలో నేను నేర్చుకున్న విద్య ఒక్కటే, ఎవరికీ కోపం రాకుండా మాట్లాడటం. దానికి సమాధానం అని పేరు పెట్టి బోధించాను. మన చర్చిలో సమాధానం అంటే శాంతి. బయట ఆ మాటకు అర్థం జవాబు. శాంతి శాంతి అంటూ ఇంతకాలం జవాబు ఎగ్గొట్టాను. మంచాల దగ్గర చేతులు పట్టుకున్నానని నీకు గొప్పగా రాశాను. సుంకమ్మ మొగుడు పోయినప్పుడు ఆ ఇంటి గడప బయటే నిలబడి ప్రార్థన చేసి వచ్చాను. లోపలికి పిలవలేదని చెప్పుకున్నాను. నీళ్ళు ఇస్తారేమోనని భయపడ్డాను.

చాపలవాళ్ళు ఇప్పుడు చర్చికి రావడం లేదు. ఆదివారాలు సుంకమ్మ ఇంటి పంచలో వాళ్ళే పాటలు పాడుకుంటున్నారు. ఏసుబాబు నన్ను మంగంపేట వైపు బదిలీ చేయించమని పైవాళ్ళకు అర్జీ పెట్టాడు. పోతే బాగుండునని నాకూ ఉంది. ఆ కోరిక చూసుకుంటేనే ఇంకా సిగ్గు.

ప్రేమయ్య

*

కడప,
8-5-2025

అన్నా,

తిట్టాలని కూర్చున్నాను. మూడు కాగితాలు చింపేశాను. నిన్ను తిట్టేటప్పుడు నా గొంతులో ఏదో హాయి వినబడుతోంది, అది చూసి ఆగిపోయాను.

నువ్వు మిగిలినదాన్ని మట్టిలో పోశావు. నేను ఆమె పెదవిని తీసుకుపోయి పత్రికలో పెద్ద అక్షరాల్లో వేసుకున్నాను. అడిగానా? ఆమె పక్కన కూర్చున్నాను, ఆమె ఇచ్చిన గ్లాసు పుచ్చుకున్నాను, కడపకు వచ్చి ఆమె తరఫున గెలుపు ప్రకటించాను. అంతా అయ్యాక వేదిక మీద కూర్చోబెడతానన్నాను, దండ వేసిన పటాన్ని కూర్చోబెట్టినట్టు. నా వ్యాసం లేకపోతే ఆమె ఆ రోజు ముందు లేచేది కాదు. ఆ నడుమ దారిలో ఆమెను ఒంటరిగా నడిపించింది నేను.

అయినా నీ మీద కోపం పోలేదు, అది కూడా రాసి పెట్టుకో. బదిలీ మీద పారిపోతే నేను నీకు ఇక ఉత్తరం రాయను. ట్రే తెచ్చింది ఏసుబాబు కావచ్చు, దాని మీద చేయి చాపింది నువ్వు.

నేను వచ్చి ఆమె కాళ్ళ మీద పడతాను అని రాయబోయాను. అది కూడా నా కోసమే. నువ్వు పో. వాళ్ళ ఇంటికి పో, గడప లోపలికి. మట్టిలో పోసిన సంగతి కూడా చెప్పు. మనిద్దరం ఏం చేయాలో వాళ్ళనే అడుగు. మన తెలివితేటలు చాలు.

సభ రద్దయింది.

జీవిత

*

ఎర్రకొట్టాల,
19-5-2025

జీవితమ్మా,

పోయాను. శుక్రవారం సాయంత్రం ఫ్యాక్టరీలు వదిలే వేళకు. సుంకమ్మ మొహం నిండా రాతి పొడితోనే ఉంది, అప్పుడే వచ్చింది.

"రాండి అయ్యగారూ, దోవ తప్పి వచ్చినారా?" అంది.

"నీ దగ్గరికే వచ్చినానమ్మా."

"అట్లైతే లోపలికి రాండి. కూచోండి. చాపనే ఉండాది మా ఇంట్లో."

కూర్చున్నాను. చెంబుతో నీళ్ళు ఇచ్చింది. తాగాను. పెదవి తగిలించి తాగాను. అదేదో ఘనకార్యం అన్నట్టు నాలో నేను గమనించుకుంటుంటే ఆమె నన్నే చూస్తోంది. "దాహమైతే తాగండి, పరీచ్చ రాస్తాండినట్టు తాగొద్దు" అంది. పంచలో ఉన్నవాళ్ళు నవ్వారు.

అంతా చెప్పాను. వరసకు ఒప్పుకున్నది, నీకు దాచింది, గోడ పక్కన పోసింది. గోడ మాట దగ్గరికి వచ్చేసరికి నాకు ఏడుపు వచ్చింది. ఆమె చేయి అడ్డం పెట్టింది.

"ఏడ్సొద్దు అయ్యగారూ. మీరేడిస్తే మిమ్మల్ని ఓదార్చే పని గూడా మాకే పడతాది. దినమంతా రాళ్ళు ఎత్తి వచ్చినాము."

ఆమె లేచి రాతి పొడి కడుక్కుని వచ్చి, తమ్ముడి వైపు తిరిగి అంది: "మట్టిలో పోసినాడంట రా. అది నా ఎంగిలి గాదు గదా. నేను తాగింది దేవునిదే గదా."

రంగన్న నన్ను అడిగాడు. "మా కోసరం ప్రార్థన చేస్తానంటారా ఇప్పుడు?"

"లేదప్పా. ఏం చేయాలో అడగడానికి వచ్చినా. మా చెల్లెలూ అడగమనింది."

"ఆయమ్మ గూడానా? ఆయమ్మ మంచిదేలే, శానా బిరాన రాస్తాది, ఒక దినం గూడా ఆగదు, అంతే." తర్వాత పంచలో వాళ్ళందరూ కూర్చుని మాట్లాడుకున్నారు. నన్ను అభిప్రాయం అడగలేదు. రంగన్న చెప్పాడు, నేను రాసుకున్నాను.

ఈ కాగితాన్ని వచ్చే ఆదివారం ప్రసంగానికి బదులు చదువుతాను. ఏసుబాబుకు ముందే చూపించాను. "చదివితే ఆ ఆదివారమే మీకు ఈడ ఆఖరిది" అన్నాడు. కావచ్చు. బదిలీ వచ్చినా ఇది చదివాకే పోతాను. భయం పోలేదు పాపా, దాన్ని ధైర్యం అని నీ పత్రికలో రాయకు. ఇందులో నీకు చెందినది కూడా ఒకటి ఉంది.

వాళ్ళ మాటల కింద సంతకం చేసే హక్కు నాకు లేదు. అందుకని ఇక్కడే చేస్తున్నాను.

నీ అన్న,
ప్రేమయ్య

వాళ్ళు చెప్పినవి, చెప్పినట్టే:

1. ట్రేలు రెండూ పోవాల. ప్లాస్టిక్‌ది ఒకటే గాదు, స్టీలుది గూడా.

2. గిన్నె ఒకటే ఉండాల. ఎవరు ముందొస్తే వాళ్ళు ముందు తాగాల.

3. చాపలు తీసేయాల. అందరికీ బెంచీలు చాలకపోతే అందరూ కింద కూచోవాల, అయ్యగారి ఇంట్లోవాళ్ళు గూడా.

4. ఈస్టరునాడు ఏం చేసినారో, గోడ పక్కన ఏం పోసినారో, అయ్యగారు సంఘం ముందర నిలబడి చెప్పాల. ఏడ్వకుండా చెప్పాల.

5. కమిటీలో సగం మంది మావాళ్ళు ఉండాల. ఆడోళ్ళు గూడా ఉండాల.

6. జీవితమ్మ రాసింది జరగలేదని అదే పత్రికలో, అంతే పెద్ద అక్షరాలతో వేయాల. మళ్ళీ సుంకమ్మ పేరు రాయాలంటే సుంకమ్మను అడగాల.

7. ఇవన్నీ అడిగినామని ఫ్యాక్టరీలో మావాళ్ళను ఎవరినీ పనిలో నుంచి తీయకూడదు.

8. సమాధుల తోటలో మీ పక్కకూ మా పక్కకూ నడుమ కట్టిన గోడ కూలగొట్టాల. ఆ దినం ఏసుబాబు గడ్డపార తీసుకోని రావాల.